ఈలీ కేథడ్రల్: ఎనిమిది స్తంభాల మీద చెక్క గోపురం

ఇంగ్లండు తూర్పు భాగంలో, కేంబ్రిడ్జ్‌కు ఉత్తరాన ఈలీ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి కేథడ్రల్ నడిమధ్యన నిలబడి తలెత్తి చూస్తే ఎనిమిది రాతి స్తంభాలు చుట్టూ కనిపిస్తాయి. ఒక్కో స్తంభం తల నుంచి సన్నని పట్టీలు గుత్తిగా చీలి, వంపు తిరిగి, పైకి, లోపలికి సాగుతాయి. అవన్నీ చేరే చోట ఒక పెద్ద ఖాళీ, ఆ ఖాళీ మీద ఎనిమిది ముఖాలున్న కిటికీల గది. దాన్ని లాంతరు అంటారు. దాని కిటికీల నుంచి వెలుగు నేరుగా కిందికి దిగుతుంది. అంత పెద్ద గది అంత సన్నని పట్టీల కొసల మీద ఎలా నిలిచిందా అనిపిస్తుంది.

నిజానికి ఆ పట్టీలు దాన్ని మోయడం లేదు. అవి చెక్కతో చేసి, రాయిలా కనిపించేట్టు రంగు వేసిన పైతొడుగు. మోసే కట్టడం అంతా వాటి వెనుక, మన చూపుకు అందని చీకట్లో ఉంది. ఆ దాగిన పనిని అర్థం చేసుకుంటే తప్ప ఈలీ గొప్పతనం సగమైనా తెలియదు. ఎత్తులోనో పొడవులోనో ఈలీని మించిన కేథడ్రల్‌లు యూరప్‌లో ఉన్నాయి. కూలిపోయిన దాని గురించి ఇంత లోతుగా ఆలోచించి, ఆ ఆలోచనను రాతిలో, కర్రలో కట్టి చూపించిన కేథడ్రల్ మాత్రం నాకు తెలిసి మరొకటి లేదు.

ముందు ఆ చోటు సంగతి. చుట్టూ మైళ్ల కొద్దీ చిత్తడి నేల, మధ్యలో కాస్త మిట్ట. 17వ శతాబ్దంలో కాలువలు తవ్వి ఆ నీటిని మళ్లించేదాకా ఈలీ దాదాపు ఒక దీవి. 673లో ఈస్ట్ ఆంగ్లియా రాజు కూతురు ఎథెల్‌డ్రెడా అక్కడ మఠం పెట్టింది. 870లో డేన్‌లు దాన్ని ధ్వంసం చేశారు. 970లో బెనెడిక్టిన్ సన్యాసులు మళ్లీ నిలబెట్టారు. నార్మన్‌లు ఇంగ్లండును గెలిచాక సిమియన్ అనే వృద్ధుడు మఠాధిపతిగా వచ్చి, ఇప్పుడున్న చర్చికి 1083లో పునాది వేశాడు. అప్పటికే ఆయనకు ఎనభై దాటాయి. తను పూర్తిగా చూడలేని కట్టడాన్ని అంత పెద్ద కొలతలతో మొదలుపెట్టాడంటే ఆయన గుండె ధైర్యం మెచ్చుకోదగ్గది. 1109లో ఈలీకి బిషప్ పీఠం దక్కింది, మఠం చర్చి కేథడ్రల్ అయింది.

ఆ దీవిలో ఇలాంటి కట్టడానికి పనికొచ్చే మంచి రాయి లేదు. బార్నాక్ అనే ఊరి గనుల నుంచి సున్నపురాయిని నదుల మీద, చిత్తడిలోని నీటి దారుల మీద పడవల్లో తెచ్చుకున్నారు. ఆ ప్రాంతపు మఠాలు ఆ రాతికి ఖరీదుగా మలుగు చేపలు చెల్లించిన కాలం అది. అలా వచ్చిన రాయితో పొడవాటి నడవ లేచింది. రెండు వైపులా మూడేసి అంతస్తుల కమానులు: కింద బరువైనవి, వాటి మీద ఇంచుమించు అంతే వెడల్పున్న మేడ కమానులు, అన్నిటికన్నా పైన చిన్న కిటికీలు. దానికి రాతి కప్పు లేదు, కర్ర కప్పే. నడవ పొడవునా వరసగా సాగి, అడ్డంగా ఉన్న రెండు బాహువులను కలిసే చోట, అంటే శిలువ ఆకారపు కూడలిలో, నాలుగు స్తంభాల మీద చదరపు రాతి గోపురం లేపారు. పెద్ద నార్మన్ చర్చిల్లో సాధారణంగా అదే పద్ధతి.

ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. ఆ కాలపు స్తంభం పైకి నిండు రాయిలా కనిపించినా, చెక్కిన రాళ్లు వెలుపలి పొర మాత్రమే. లోపల రాతి ముక్కలు, సున్నం కలిపి నింపిన గుట్ట. బరువు పెరిగేకొద్దీ లోపలి గుట్ట కుంగుతుంది, వెలుపలి పొర ఒక్కటే భారమంతా మోయాల్సి వస్తుంది, చివరికి పగులుతుంది. దానికి తోడు కింద తడి నేల. కూడలి స్తంభాల మీద పడే బరువు చర్చిలో ఇంకెక్కడా పడదు కాబట్టి ముందుగా దెబ్బతినేది అవే.

సిమియన్ ఈలీకి రాకముందు వించెస్టర్‌లో ఉండేవాడు. అక్కడి కేథడ్రల్ కట్టించిన బిషప్ వాకెలిన్ ఆయన తమ్ముడే. వించెస్టర్ గోపురం 1107లో కూలింది. అక్కడివాళ్లు దాన్ని పాత చోటే, పాత తీరునే తిరిగి కట్టారు. కాకపోతే ఈసారి స్తంభాలను బాగా లావుగా, ఎంత బరువైనా తట్టుకునేట్టు లేపారు. అది తెలివితక్కువ పని కాదు. ఆ గోపురం ఇప్పటికీ నిలిచే ఉంది. అన్నదమ్ముల రెండు చర్చిలకూ ఒకే గతి పట్టింది గాని, రెండో చోట దొరికిన పరిష్కారం వేరు.

ఈలీ గోపురం 1322 ఫిబ్రవరి 12 రాత్రి తెల్లవారితే 13 అనగా కూలింది. ప్రమాదం ముందే పసిగట్టి సన్యాసులు దాని కింద ప్రార్థన చేయడం మానుకుని పక్కనున్న చిన్న గుడిలో చేసుకుంటున్నారు. ఆ రాత్రి ప్రార్థన ముగించి పడకలకు వెళ్తుండగా గోపురం తూర్పు వైపున్న గాయకుల మందిరం మీదికి ఒరిగి పడింది. ఆ చప్పుడు విని భూకంపం అనుకున్నారు. ఎవరికీ దెబ్బ తగలలేదు, ఎథెల్‌డ్రెడా సమాధి చెక్కుచెదరలేదు.

చర్చి కట్టడం, మరమ్మతులు, విలువైన వస్తువులు అన్నీ చూసుకునే సన్యాసిని సాక్రిస్టు అంటారు. అప్పుడు ఆ బాధ్యతలో ఉన్నవాడు వాల్సింగ్‌హామ్ ఆలన్. సాక్రిస్టు అయ్యి ఏడాది కూడా గట్టిగా గడవలేదు. కుర్రతనంలో బంగారు పనిలో నేర్పరిగా పేరు తెచ్చుకున్నవాడు. ఈశాన్యంలో మేరీమాత ప్రార్థన మందిరానికి 1321లో పునాదులు తీయించి ఆ పనిలో మునిగి ఉన్నాడు. ఆ తవ్వకం వల్లే నేలలో నీరు కదిలి గోపురం కుంగిందని తర్వాతి వాళ్లు కొందరు అనుమానించారు. కూలిన మర్నాడు ఎటు చూడాలో, ఏం చేయాలో తోచక ఆయన కుమిలిపోయాడని మఠం చరిత్ర రాసినవాళ్లు చెప్పారు. వెంటనే తేరుకున్నాడని కూడా రాశారు. ఆ ఏడంతా రాళ్లూ దూలాలూ బయటికి మోయించడానికీ, చోటు శుభ్రం చేయించడానికీ ఖర్చు పెట్టాడు.

చోటు ఖాళీ అయ్యాక ఆలన్ తీసుకున్న నిర్ణయం ఈ కథకంతటికీ ఆయువుపట్టు. పాత నాలుగు స్తంభాలను ఆయన మళ్లీ లేపలేదు. కూడలికి నాలుగు దిక్కులా ఉన్న నాలుగు బాహువుల్లోకీ ఒక్కో అంకణం చొప్పున వెనక్కి జరిగాడు. ఒక్కో బాహువు మొదట్లో రెండు స్తంభాలు, మొత్తం ఎనిమిది. వాటిని వరసగా కలిపితే అష్టభుజి. దిక్కులను చూసే నాలుగు భుజాలు నడవ అంత వెడల్పు, మూలలను చూసే నాలుగు భుజాలు వాటికన్నా కురచ. కూలక ముందు కూడలి వెడల్పు నడవ వరకే. ఇప్పుడది పక్క నడవలను కూడా కలుపుకుని 70 అడుగులు దాటింది. ఇంగ్లండులో ఇంత విశాలమైన కూడలి అంతకు ముందు ఏ చర్చికీ లేదు.

దీనివల్ల ఒక్క దెబ్బకు మూడు పనులు అయ్యాయి. నలుగురు మోసే బరువు ఎనిమిది మంది పంచుకున్నారు. కుంగి చెడిన పాత నేలను వదిలేసి కొత్త చోట పునాది వేసుకునే వీలు చిక్కింది. మూల భుజాల్లో కింద కురచ కమాను, దాని మీద విశాలమైన కిటికీ పెట్టగలిగారు. నార్మన్ కూడలిలో మూలల నుంచి వెలుగు రావడం అనేదే లేదు. ఇక్కడ మొదటిసారి ఏటవాలుగా, నాలుగు మూలల నుంచి కాంతి లోపలికి వచ్చింది.

పునాది పనిని మఠం చరిత్రకారులు ప్రత్యేకంగా చెప్పడం చూస్తే ఆ రోజుల్లో కూడా అది అబ్బురపరిచిందని తెలుస్తుంది. ఎనిమిది చోట్లు కొలిచి గుర్తుపెట్టి, గట్టి నేల తగిలేదాకా తవ్వించి, రాళ్లతో ఇసుకతో దట్టంగా కూరించి, ఆ తర్వాతే స్తంభాలు మొదలుపెట్టాడట. కూలిన గోపురం నేర్పిన పాఠం నేలలోనే మొదలైంది. రాతి పని ఆరేళ్లు పట్టి 1328లో ముగిసింది. స్తంభాల మీద ఎథెల్‌డ్రెడా జీవిత ఘట్టాలను చెక్కిన రాళ్లు అమర్చారు. చిన్న చిన్న బొమ్మలు, అయినా మనుషులు నిలుచున్న తీరు, వస్త్రాల మడతలు చక్కగా తేరాయి.

ఇప్పుడు అసలు చిక్కు. 70 అడుగుల ఖాళీని దేనితో కప్పాలి? ఇంగ్లండులో అంత వెడల్పున రాతి కప్పు వేసినవారు ఎవరూ లేరు. వేసినా దాని బరువుకూ, అది గోడలను బయటికి నెట్టే బలానికీ కొత్త స్తంభాలు ఆగుతాయన్న నమ్మకం లేదు. అందుకని ఆలన్ రాతి పనిని అక్కడితో ఆపి కర్ర పనికి దిగాడు. దానికి లండన్ నుంచి రాజుగారి వడ్రంగి విలియం హర్లీని రప్పించాడు. వెస్ట్‌మినిస్టర్‌లో సెయింట్ స్టీఫెన్స్ మందిరం పని చూస్తున్న మనిషి, ఆ రోజుల్లో దేశంలోకెల్లా పెద్ద వడ్రంగి. ఈలీ లెక్కల్లో ఆయనకు ఏడాదికి 8 పౌండ్లు ఇచ్చినట్టు ఉంది. నక్ష గీసి, కొలతలు చెప్పి, కీలకమైన ఘట్టాల్లో దగ్గరుండి చూసుకునే మేస్త్రీకి ఇచ్చే గౌరవం అది.

హర్లీ ఆలోచనలో మొదటి ముక్క లాంతరు నిట్రాళ్లు. ఎనిమిది మూలలకు ఎనిమిది ఓక్ కంబాలు, ఒక్కోటి 63 అడుగుల పొడవు. అడుగున ఒక వైపు మూడడుగుల పైన, రెండో వైపు ఇంచుమించు అంత. అలాంటి చెట్లు దొరకడమే గగనం. ఆలన్ దేశమంతా వెతికించి, ఎక్కువ ధర పెట్టి కొని, నేల మీదా నీటి మీదా కష్టపడి చేర్చాడని రాశారు. బెడ్‌ఫోర్డ్‌షైర్‌లోని చిక్‌సాండ్స్ నుంచి ఓక్ కొన్నట్టు లెక్కల్లో ఉంది.

రెండో ముక్క అసలైన కీలకం. ఆ ఎనిమిది నిట్రాళ్లు నేల దాకా రావు, వాటి కింద ఖాళీ గాలి. వాటిని రాతి స్తంభాల నుంచి ఏటవాలుగా లేచే పదహారు ఊతకర్రలు పట్టుకున్నాయి. ఒక్కో స్తంభం తల నుంచి రెండు, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. కోతల తర్వాత పొలంలో జొన్నచొప్ప కట్టలను ఒకదానికొకటి ఆనించి గూడుగా నిలబెడతారు చూడండి, ఏ కట్టకా కట్ట పడిపోయేదే, అన్నీ కలిసి మాత్రం గాలికి కూడా చలించవు. ఇక్కడి ఊతకర్రలు అలాగే లోపలికి వాలి, పైన ఒక అష్టభుజి చట్రం దగ్గర కలుసుకుంటాయి. చట్రం వాటిని విడిపోకుండా పట్టుకుంటుంది, అవి చట్రాన్ని కిందికి జారకుండా పట్టుకుంటాయి. లాంతరు ఆ చట్రం మీద నిలిచింది.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. లాంతరు మూలలు రాతి స్తంభాలకు ఎదురుగా లేవు. లాంతరును కాస్త తిప్పి, దాని మూల ఒక్కొక్కటీ రెండు స్తంభాల నడిమికి వచ్చేట్టు అమర్చారు. కింద నుంచి చూస్తే ఇది అందం కోసం చేసిన మెలికలా ఉంటుంది, అందం వచ్చిన మాట కూడా నిజమే. కాని దాని ఫలితం చూడండి. లాంతరు మూల ఒక్కొక్కటి దగ్గరికీ రెండు పక్క స్తంభాల నుంచి రెండు ఊతకర్రలు వచ్చి కలుస్తాయి. రెండు కర్రలూ, కింద స్తంభాల మధ్య దూరమూ కలిసి త్రిభుజం. మూలలు ఎదురెదురుగా ఉండి ఒక్కో స్తంభం నుంచి ఒక్కో కర్ర తిన్నగా లేచి ఉంటే, పెద్దగాలి వీచినప్పుడు చట్రమంతా గుండ్రంగా మెలి తిరిగిపోవడానికి అడ్డం ఉండేది కాదు. త్రిభుజం మాత్రం కర్ర విరగనిదే ఆకారం మార్చుకోదు. ఎనిమిది త్రిభుజాలు చేతులు కలిపి గుండ్రంగా నిలిచాయి కాబట్టే లాంతరు మెలి తిరగలేదు. గణిత సూత్రంగా ఎవరూ రాసిపెట్టని కాలంలో వడ్రంగి చేతికి తెలిసిన విద్య ఇది.

ఏటవాలు కర్ర కిందికి మోయడమే కాదు, బయటికి నెడుతుంది కూడా. స్తంభాల తలలు బయటికి ఒరిగిపోకుండా చూసేది ఎవరు? నడవ, గాయకుల మందిరం, రెండు అడ్డ బాహువులు. నాలుగు దిక్కుల నుంచి పొడవాటి గోడలు వచ్చి సరిగ్గా ఆ స్తంభాలకే తగిలి ఆపుతున్నాయి. ఒక అంకణం వెనక్కి జరిగినప్పుడే ఆలన్ ఈ ఆసరాను చూసుకున్నాడని నా నమ్మకం. కొత్త కట్టడం పాత చర్చిని నిలబెడుతుంటే, పాత చర్చి కొత్త కట్టడాన్ని ఆపుతోంది.

కలప అతుకుల సంగతీ చెప్పాలి. ఆ కాలపు వడ్రంగులు ఓక్‌ను పచ్చిగా ఉండగానే కోసి పనిలో పెట్టేవారు. ఆరిన ఓక్ ఉలికి లొంగదు. ఒక దూలంలో తొలి తవ్వి, రెండోదాని కొసను దానికి సరిపడా చెక్కి దూర్చి, అడ్డంగా ఓక్ చీల కొట్టి బిగిస్తారు. కలప ఆరుతూ కుంచించుకుపోయేకొద్దీ అతుకు ఇంకా బిగుస్తుంది. ముందు నేల మీద చట్రం మొత్తాన్ని పరిచి, అతుకులన్నీ సరిచూసి, గుర్తులు పెట్టుకుని, విప్పి, పైకి చేర్చి మళ్లీ కూర్చడం వడ్రంగుల వాడుక. పైకి చేర్చడానికి మోకులూ, మనుషులు తొక్కితే తిరిగే చక్రపు రాట్నాలూ తప్ప మరో సాధనం లేదు. పదహారు ఊతకర్రల్లో చివరిది చట్రంలో కుదిరేదాకా ఈ గూడు తనంతట తాను నిలవదు, అందాకా అన్నిటినీ పరంజా మీదే ఆపాలి. కలప, సీసపు రేకులు కలిసి వందల టన్నుల బరువు. నేల నుంచి లాంతరు శిఖరం 170 అడుగులు.

నిలబెట్టే పని ముగిశాక చూపించే పని మొదలైంది. ఊతకర్రల కింద వంపు పట్టీలు, వాటి మధ్య పలకలు బిగించి కర్ర కప్పు తొడిగారు. రంగులు వేసినవారిలో విలియం షాంక్ అనే చిత్రకారుడి పేరు లెక్కల్లో ఉంది. లాంతరు కప్పు నడిబొడ్డున పట్టీలన్నీ కలిసే చోట ఒకే ఓక్ దుంగలో చెక్కిన క్రీస్తు బొమ్మ ఉంది. కుడిచేయి ఎత్తి దీవిస్తున్న భంగిమ. చెక్కినవాడు బర్‌వెల్ అనే ఊరి జాన్, ఆ ఊరు ఈలీకి దగ్గరే. ఆయనకు 2 షిల్లింగులు, మఠాన్ని నడిపే ప్రయర్ బల్ల దగ్గర భోజనం ఇచ్చారు. అంత ఎత్తున ఉన్న బొమ్మ ముఖం మామూలు కంటికి సరిగా ఆనదు. అయినా జాన్ తన ఉలిని ఎక్కడా తొందరపెట్టలేదు. రాజులకు, బిషప్‌లకు సమాధులు మిగులుతాయి. ఒక పల్లె శిల్పి పేరు, కూలీ, తిండి ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా మనకు తెలుస్తున్నాయంటే అది సాక్రిస్టులు లెక్కలు రాసిపెట్టిన శ్రద్ధ వల్లే. ఈలీ కట్టడం ఎంత గొప్పదో, ఆ తోలు చుట్టల్లోని పద్దులు కూడా నాకంత గొప్పవిగా తోస్తాయి.

లాంతరు 1342 నాటికి పూర్తయింది. మొత్తం ఖర్చు 2,400 పౌండ్ల పైచిలుకు. గోపురం కింద నలిగిన మూడు అంకణాల గాయకుల మందిరాన్ని బిషప్ హోథమ్ సొంత డబ్బుతో తిరిగి కట్టించాడు. ఆగిపోయిన మేరీమాత మందిరం 1349లో ముగిసింది. ఆలన్ 1341లో ప్రయర్ అయ్యాడు. తర్వాత సన్యాసులు ఆయనను బిషప్‌గా కూడా ఎన్నుకున్నారు, పోప్ ఒప్పుకోలేదు.

తర్వాతి శతాబ్దాలు ఈలీని చల్లగా చూడలేదు. చర్చి పడమటి కొసనున్న మరో గోపురం పక్కని వాయవ్య బాహువు 15వ శతాబ్దంలో కూలింది, దాన్ని ఇక కట్టలేదు. మత సంస్కరణ రోజుల్లో, 1541లో, బొమ్మలన్నీ తీసేయమని బిషప్ గుడ్రిచ్ ఆజ్ఞ వేశాడు. మేరీమాత మందిరం గోడల మీది చిన్న బొమ్మల తలలు ఒక్కటీ వదలకుండా కొట్టేసినట్టే ఉంటుంది. లాంతరు ఆ చేతులకు దక్కలేదు గాని వాన, గాలి దాన్ని తినేశాయి. 1720లలో ఇటు వచ్చిన రచయిత డేనియల్ డీఫో, గాలి వీచినప్పుడల్లా ఈ చర్చిలో కొంత భాగం ఊగుతోందనీ, ఇన్నాళ్లూ పడిపోకపోవడమే వింత అనీ రాశాడు. 1750లలో వాస్తుశిల్పి జేమ్స్ ఎస్సెక్స్ మరమ్మతుకు దిగి కుళ్లిన కర్రలు మార్చాడు. లాంతరు వెలుపలి రూపం ఆయన చేతిలో మారింది, దాన్ని చూసి పెదవి విరిచేవారున్నారు. కాని ఆయన ఆ రోజు పూనుకోకపోతే విమర్శించడానికి మనకు లాంతరే మిగిలేది కాదు. 19వ శతాబ్దంలో వాస్తుశిల్పి గిల్బర్ట్ స్కాట్ వెలుపలి భాగాన్ని మధ్యయుగపు తీరుకు తెచ్చే ప్రయత్నం చేశాడు. లాంతరు లోపలి పలకల మీద వాద్యాలు పట్టుకున్న దేవదూతల బొమ్మలు చిత్రకారుడు గాంబియర్ ప్యారీ 1870లలో వేసినవి. ఆ పలకలు తలుపులు. వాటిని తెరిచి కిందికి చూడవచ్చు, పాటగాళ్లు అక్కడ నిలబడి పాడవచ్చు.

చదువుకో, ఉద్యోగానికో కేంబ్రిడ్జ్‌లోనూ లండన్‌లోనూ ఉంటున్న తెలుగువారు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. కేంబ్రిడ్జ్ నుంచి ఈలీకి రైల్లో పావుగంట. వెళ్తే కింద నుంచి ఫొటో తీసుకుని తిరిగి రాకండి. అష్టభుజి గోపురం పైకి తీసుకెళ్లే మార్గదర్శకులు ఉంటారు, టికెట్ కొనుక్కుని మెట్లెక్కండి. దేవదూత బొమ్మ వేసిన తలుపు వాళ్లు తెరిచినప్పుడు కిందికి చూడటానికి తొందరపడకుండా ముందు వెనక్కి తిరగండి. హర్లీ నిలబెట్టిన ఓక్ దూలాలు అక్కడున్నాయి.